రాజుకు మాట రాని ఆట

పోయిన నెల మా ఆడబిడ్డ మనవరాలు పెళ్ళిబట్టలు కొనడానికి నన్ను మిర్యాలగూడ తీసుకుపోయింది. బట్టలు కొన్నాక, కాళ్ళు నొప్పులు మొర్రో అంటున్నా వినకుండా సినిమాకు లాక్కుపోయింది. "అమ్మమ్మా, అంతా మన భాషనే అంట. నీకు మస్తు నచ్చుతది సూడు" అంది. హాలు నిండా చలి, వేయించిన మక్కల వాసన. తెర మీద కథానాయకుడు "గిట్లెందుకైతది?" అనగానే పిల్లలంతా ఈలలు వేశారు. నాకూ సంతోషమే అయింది, దాచుకోవడమెందుకు? ఎన్నేళ్ళు చూశాను! సినిమాలో మా మాట వినిపించిందంటే అది తాగుబోతు నోటనో, రౌడీ నోటనో, అంట్లు తోమే మనిషి నోటనో. ఇప్పుడు ప్రేమించేవాడూ ఆ మాటే మాట్లాడుతున్నాడు, పిల్ల ఆ మాటకే పడిపోతున్నది. ఆ సంతోషం సగం సినిమా దాకా ఉంది. అప్పుడు పాతకాలపు ఊరొకటి చూపించారు. ఊరి నడుమ యక్షగానం ఆడుతున్నారు. రాజు కిరీటం కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తున్నది. రాణి పాట ఎత్తుకుంది. ఇంతలో తుపాకులు పేలాయి, జనం పరుగులు తీశారు, పందిరి తగలబడింది. మరుక్షణం కథానాయకుడు ఏదో గుట్ట మీద నిలబడి ఉన్నాడు. ఆట సంగతి మరి ఎత్తలేదు. నేను లేచి నిలబడ్డాను. "మంగళం పాడలే" అన్నాను, గట్టిగానే అన్నట్టున్నాను. వెనక నుంచి ఎవరో "కూసో అవ్వా, కనవడ్తలే" అని అరిచారు. మనవరాలు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. సినిమా అయ్యేదాకా కొంగు నిండా కప్పుకొని ముడుచుకొని కూర్చున్నాను. ఆ పిల్ల చలి అనుకొని తన చున్నీ కప్పింది.

ఆటను సగంలో వదలడం సినిమా తీసినవాళ్ళకు చిన్న విషయమై ఉంటుంది. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళు మా ఇంట్లో పుట్టలేదు. గరిడేపల్లికి కోసెడు దూరంలో ఉన్న మా ఊళ్ళో, మా ఇంట్లో, ఆటంటే పంట లాంటిదే. విత్తనం వేసినవాడు కోత కోయకుండా పోకూడదు. మా నాయన యక్షగానం నేర్పే మనిషి. కొంచెం చెలక ఉండేది కానీ దాని మీద ఆయనకు ధ్యాస ఉండేది కాదు, మా నాయినమ్మే కూలీలను పెట్టి సాగుచేయించేది. పంటలు ఇళ్ళకు చేరి పొలంపని లేని నెలల్లో నాయన ఏదో ఒక ఊరికి పోయి, అక్కడి మగవాళ్ళను పోగుచేసి ఆట నేర్పేవాడు. గొర్లు కాసేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు, జీతగాళ్ళు, ఎవరైనా సరే. చదువు రాకపోతే ఇంకా మంచిదనేవాడు, విన్నది మనసులో నిలుస్తుందట. ఆయన వేసేది మాత్రం ఎప్పుడూ రాణి వేషమే. సన్నటి మనిషి, గొంతు కూడా సన్నం. చీర కట్టి, జడ వేసుకొని, కాళ్ళకు గజ్జెలు బిగించి నడిచొస్తే ఆడవాళ్ళే కుళ్ళుకునేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా నాయన రచ్చలో గెలిచాడు కానీ ఇంట్లో అమ్మ ముందు ఎప్పుడూ ఓడిపోయేవాడు. "నీ కంటె నీ రాణే నయం, ఆమె గడపదాటి తిరిగినా మొగని కోసమే తిరుగుతది" అనేది అమ్మ. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మా ఇంటి వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. ముఖానికి పూసుకునే పసుపుపచ్చ అర్దళం నూరి కొబ్బరినూనెలో కలిపిన వాసన, గజ్జెలు తోమిన చింతపండు పులుపు, గుమ్మిలోని జొన్నల వెచ్చటి వాసన. గుమ్మి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. వెదురుతో అల్లి పేడతో అలికిన పెద్ద గాదె, మనిషి నిలబడితే నెత్తి కనపడనంత ఎత్తు. దాని పక్కనే ఇసుర్రాయి. అమ్మ తెల్లారకముందే దాని ముందు కాళ్ళు చాపుకొని కూర్చుని జొన్నలు విసిరేది. విసురుతూ పాడేది. నాయన కట్టిన పాటలన్నీ ఆమెకు వచ్చు, ఎందుకంటే సాధన అంతా మా వాకిట్లోనే. ఎక్కడైనా చరణం మరిచిపోతే ఆయన వచ్చి ఇసుర్రాయి దగ్గర నిలబడేవాడు, అమ్మ ఆయన వంక చూడకుండానే ఆ చరణం పాడేది. అంతే, అది గడప లోపలి ముచ్చట. ఆడది రచ్చలో నోరెత్తి పాడడమన్నది ఆ రోజుల్లో ఎవరూ కలలో కూడా అనుకోలేదు.

నాయన ఆటల్లో అందరికీ ఇష్టమైనది మూగరాజు. ఆయన సొంతంగా కట్టిందే. ఒక రాజు ఇంటికొచ్చిన చుట్టాన్ని గౌరవించబోయి తన మాటను అతని చేతిలో పెడతాడు. చుట్టం ఆ మాట పట్టుకొని పోతాడు, రాజు మూగవాడై కూర్చుంటాడు. రాణి జోలె కట్టుకొని ఊరూరా తిరిగి మాటలు అడుక్కుంటుంది. "మాట ఉన్నదా అమ్మా, మీ ఇంట మాట ఉన్నదా, మూగరాజు నోటికింత మాట ఉన్నదా" అని ఆమె పాడుతుంటే చూసేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మాట ఇచ్చేవారు, నిజంగానే, ఎదుట కూర్చున్న జనమే. కుమ్మరామె సారె అనేది, గొర్లాయన మంద అనేవాడు. అవన్నీ జోలెలో వేసుకొని రాణి తిరిగివస్తుంది. రాజు లేచి నిలబడి, మొట్టమొదటిసారి నోరు తెరిచి పాడతాడు. ఆ రాజు పాటే ఆటకు ప్రాణం. దాన్ని నాయన ప్రతి ఊరికీ కొత్తగా కట్టేవాడు. ఆ ఊరి బావుల పేర్లు, చెలకల పేర్లు, ఆ ఊళ్ళో తప్ప పక్క ఊళ్ళో వినపడని మాటలు ఏరి, వాటితో అల్లేవాడు. ఒక ఊరికి కట్టింది ఇంకో ఊళ్ళో పాడేవాడు కాదు. అందుకే ఆట నేర్పడానికి నెలలు పట్టేది. పగలంతా ఊరి మీద తిరుగుతూ జనం మాట్లాడుకునేది వినడమే ఆయన పని.

మా అమ్మ పుట్టిల్లు కోదాడ. అక్కడి మాట అప్పటికే ఏటి అవతలి గుంటూరు మాటలోకి ఒరిగిపోయింది. మా మేనమామ నాలుగక్షరాలు చదువుకున్నవాడు, వచ్చినప్పుడల్లా నాయనకు సుద్దులు చెప్పేవాడు. "అన్నీ బాగున్నాయి గాని బావా, రాజు నోట గిట్ల, గట్ల ఏమిటి? రాజంటే కాస్త మర్యాదైన తెలుగు మాట్లాడాలి గదా" అనేవాడు. నాయనకు కోపం రాదు, కానీ ఆ ఒక్క మాటకు వచ్చేది. "మా రాజు మా సద్ది తింటడు బామ్మర్దీ. మీ మాట మాట్లాడితె ఆయనకు అరుగుతదా? మీ రాజు మీ ఊర్లె ఉన్నడు, ఆయన్ను సూసుకో" అనేవాడు. సూర్యాపేట సర్కారు కచేరీకి పోతే ఉర్దూ రావాలి, బడికి పోతే ఉర్దూ చదవాలి, కోదాడ దాటితే మన మాట విని నవ్వుతారు. మరి మన మాట ఎక్కడ పెట్టుకుందాం అని ఆయన బాధ. పెట్టుకోవడానికి ఆయనకు ఆట ఒక్కటే దొరికింది.

ఇంట్లో ఆటకు పెద్ద దిక్కు నాయినమ్మ. మా తాత కూడా ఆట మనిషే. నాయినమ్మ చుట్ట తాగేది, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకొని, ఆ నోటితోనే అందరినీ తిట్టేది. ఆమె దగ్గర ఒక నియమం ఉండేది. కాలికి గజ్జె కట్టినవాడు ఆట మొత్తం ఆడి, మంగళం పాడి, హారతి కళ్ళకద్దుకున్నాకే గజ్జె విప్పాలి. నడుమ విప్పితే విప్పినవాడికి మంచిది కాదు, ఊరికి మంచిది కాదు. మా తాత ఒకసారి రాళ్ళవానకు ఆట ఆపి గజ్జెలు విప్పాడట. ఆ ఏడే ఊళ్ళోకి గత్తర వచ్చింది, తాత అందులోనే పోయాడు. వాంతులూ విరేచనాలతో మనుషులు పిట్టల్లా రాలిపోయిన ఆ ఏడు గురించి నాయినమ్మ చెబుతుంటే మేం పిల్లలం అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని మింగడం మరిచిపోయేవాళ్ళం. నాయన అన్నిటినీ ఎగతాళి చేసే మనిషే కానీ ఆ నియమాన్ని మాత్రం ఎగతాళి చేయలేదు.

నైజాం పోవడానికి ముందటి కాలమది. ఎక్కడ చూసినా భయం. దొర మనుషులు, వాళ్ళ వెంట ఖాకీ బట్టలు తొడిగిన తుపాకులవాళ్ళు ఊళ్ళ మీద పడేవారు. నలుగురు కూడితే తప్పు, పాట పాడితే తప్పు. ఆ ఏడు మా సొంత ఊరికి మూగరాజు నేర్పాడు నాయన. వద్దని అమ్మ కాళ్ళావేళ్ళా పడింది. "ఏ రాజు మూగోడు, ఏ చుట్టం మాట గుంజుకపోయిండు, గిది పసిపిల్లగానికి గూడ సమజైతది. వాళ్ళకు కాదా? పాణం మీదికి తెచ్చుకుంటవా?" అని అడిగింది. "మాట్లాడనిస్తలేరు, ఆడనీయకపోతె ఇగ బతుకుడెందుకే" అన్నాడు నాయన. రాత్రి దీపం వెలిగితే తుపాకి వస్తుందని, ఆటను పగటిపూట ఊరికి ఎడంగా ఒక కల్లంలో పెట్టుకున్నారు. ఎండలో అర్దళం పూసిన ముఖాలు చూడాలి! చెమటకు కారి, చీరల మీద పచ్చటి మరకలు. అయినా జనం వచ్చారు. ఆడవాళ్ళు కూలికి పోతున్నట్టు కొడవళ్ళు పట్టుకొని వచ్చి, గడ్డివాముల నీడన చప్పుడు చేయకుండా కూర్చున్నారు. నేను అమ్మ కొంగు పట్టుకొని ముందే కూర్చున్నాను.

రాజు వేషం మా పక్కింటి లింగయ్యది. గొర్లు కాసే మనిషి, కొండంత ఛాతీ. మూగరాజు కదా, ఆట మొదలైనప్పటి నుంచి పీట మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. నాయన జోలె పట్టుకొని జనంలోకి వచ్చాడు. "మాట ఉన్నదా అమ్మా" అంటుంటే ముసలివాళ్ళు ఏడుస్తూ మాటలు వేశారు. మా నాయినమ్మ "సద్ది" అంది. ఎవరో "తొవ్వ" అన్నారు. అమ్మ దగ్గరికి వచ్చి జోలె చాపాడు. అమ్మ ఏమందో నాకు వినపడలేదు, ఆమె పెదవులు మాత్రం కదిలాయి. ఆటలో ఒక్కో మనిషి ఒక్కో ఇల్లు లెక్క, ఆయన ఇంకా నాలుగిళ్ళు తిరగాల్సి ఉండగా తుపాకి పేలింది. ఎవరు చెప్పారో, ఎట్లా తెలిసిందో తెలియదు. కల్లం చుట్టూ దుమ్ము, గుర్రాలు, అరుపులు. అమ్మ నన్ను చంకలో వేసుకొని పరుగెత్తింది. నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. లింగయ్య పీట మీద నుంచి లేవలేదు. "కట్టినోడేడిరా? రాణి వేషం ఎవడిదిరా?" అని అతన్ని తుపాకి మడమతో కొడుతున్నారు. లింగయ్య నోరు తెరవలేదు. వేషం కోసం తెరవలేదో, మా నాయన కోసం తెరవలేదో ఆ తర్వాత ఊరంతా వాదించుకున్నారు. కిరీటంతో సహా అతన్ని కట్టి తీసుకుపోయారు.

మేం ఇంటికి చేరేసరికి నాయన గుమ్మిలో ఉన్నాడు. దొడ్డిదారిన వచ్చి, చీర కుచ్చిళ్ళతో గజ్జెలను గట్టిగా ఒడిసిపట్టుకొని దూకాడట. గుమ్మిలో జొన్నలు అడుగునే ఉన్నాయి. నాయినమ్మ పైన తట్ట బోర్లించింది. వీధి చివర తలుపులు విరగ్గొడుతున్న చప్పుడు. నాయన ఊపిరి పీల్చినా గజ్జె గలగలమంటున్నది. "ఇప్పు" అంది అమ్మ, గుమ్మికి నోరు ఆనించి. "జల్ది ఇప్పి నాకియ్యి. మఠంపల్లి దిక్కు వోయి ఏరు దాటు. కోదాడ తొవ్వల కావలున్నరు." నాయినమ్మ అడ్డం నిలబడింది. "ఆట కాలే. మంగళం కాలే. ఇప్పితె నా కొడుకు మా ఆయన లెక్కనే పోతడు. నా పాణం పోయినా ఇప్పనియ్య." అమ్మకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. "గజ్జెలతోని ఏరు దాటుతడా అత్తా? పొలిమేర గూడ దాటడు!" "అమ్మ ఇప్పద్దంటె ఇప్ప" అని గుమ్మిలోంచి నాయన గొంతు వినిపించింది. చావు ముందర ఉన్నా ఆ మనిషికి ఆటే కనపడింది. అప్పుడు నాకు ఆయన మీద పీకల దాకా కోపం వచ్చింది. ఇప్పుడు కూడా ఉంది.

అమ్మ నాయినమ్మ వంక చూసింది. తర్వాత ఇసుర్రాయి ముందు కూర్చుని, కాళ్ళు చాపి, గుప్పెడు జొన్నలు పోసింది. "ఆట అయిపోవాలె, గంతే గద? అయిపోయేటట్టు నేను జేస్త. నాలుగిండ్లే మిగిలినయి. రాణి పాట ఆయన లోపల గొణుగుతడు, పైకి నేను పాడుత. రాజు పాట నేను పాడుత. మంగళం నేను పాడుత" అంది. నాయినమ్మ చుట్ట కింద పడింది. "ఆడిదాని నోటి మంగళం చెల్లుతదానే?" అంది. "నీ కొడుకు చీర కట్టి ఏడిస్తె చెల్లింది గాదత్తా ఇన్నేండ్లు" అంది అమ్మ. ఆ సమయంలో నవ్వు వస్తుందా ఎవరికైనా? గుమ్మిలోంచి వచ్చింది. ఒక్కసారి చిన్నగా నవ్వి, ఆయన "మాట ఉన్నదా అమ్మా" అని ఎత్తుకున్నాడు. అమ్మ రాయి తిప్పింది. ఆ గరగర చప్పుడులో ఆయన గొంతు ఆమె గొంతు కింద దాక్కున్నది. బయటి నుంచి వింటే ఒక ఆడది జొన్నలు విసురుకుంటూ పాడుకుంటున్నది, అంతే. నేను మాటలిచ్చే జనాన్నయ్యాను. నాయినమ్మ నన్ను గిచ్చి "మాటెయ్యి" అంది, నేను "బువ్వ" అన్నాను.

రెండిళ్ళు తిరిగేసరికి గడపలో నీడ పడింది. తుపాకి పట్టుకొని ఒకడు, వెనక దొర మనిషి. అమ్మ పాట ఆపలేదు. ఆపితే మళ్ళీ ఆట ఆగినట్టే. గుమ్మి నిశ్శబ్దమైంది, ఆయన వంతు కూడా అమ్మే పాడింది. "ఏందవ్వా ఈ పాట?" అన్నాడు దొర మనిషి. "ఇసిరేటప్పుడు పాడకపోతె రాయి తిరుగుతదా బిడ్డా? మీ అమ్మ పాడలేదా?" అంది నాయినమ్మ, గుమ్మికి చేరగిలబడి కూర్చుంటూ. వాడు ఇల్లంతా కలియజూశాడు. ఉట్టి మీది చల్ల దించుకొని ఇద్దరూ తాగారు. అమ్మ అరచేతులు చెమటకు జారుతున్నాయి, రాయి పిడి వదలలేదు. వాడు పోతూ గడపలో ఆగి, "ఆ నాటకపోడు ఊర్లనే ఉన్నడు. బల్లేలు తెస్తున్నరు, ఇంటింటికి గుమ్ములు పొడుస్తరు. మీ ఇంట్ల ఉంటె ఇప్పుడే చెప్పుండ్రి" అన్నాడు. "ఉంటె నేనే పొడుద్దును, పంట గాలికొదిలిన నా కొడుకును" అంది నాయినమ్మ. వాళ్ళు పోయారు.

రాజు పాట మిగిలింది. మా ఊరి రాజు పాట చాలా పెద్దది. ఊళ్ళోని ప్రతి బావీ, ప్రతి చెలకా, ముసలివాళ్ళ నోళ్ళలో మిగిలిన ప్రతి మాటా అందులో ఉన్నాయి. అమ్మ గొంతు సవరించుకొని మొదటి మాట ఎత్తబోయింది. వీధిలో బల్లేల చప్పుడు దగ్గరవుతున్నది. నాయినమ్మ చెయ్యెత్తింది. "మంగళం పాడు" అంది. అమ్మ అర్థం కానట్టు చూసింది. "అత్తా, రాజు పాట…" "మంగళం పాడమన్న గద నేను!" అంది నాయినమ్మ. జీవితమంతా ఆ నియమాన్ని పట్టుకొని బతికిన మనిషి, మొగుణ్ణి అందుకే పోగొట్టుకున్నానని నమ్మిన మనిషి. ఆమె ముఖం అప్పుడు ఎట్లా ఉందో నేను చెప్పలేను, చూడలేక అమ్మ ఒళ్ళో తల పెట్టాను. అమ్మ పాడింది. "మంగళము మా పొలిమేరకు, మంగళము మా పాడికి" అని, ఏడుస్తూ, తడబడుతూ, హారతి లేకుండా. తట్ట తీశారు. నాయన గుమ్మి అంచు మీద కూర్చుని కాళ్ళు చాపాడు. "అయిందా అమ్మా?" అని అడిగాడు. ఆ ఆటలో ప్రతి అక్షరం కట్టిన మనిషి అడిగాడు. "అయింది కొడకా" అంది నాయినమ్మ. ఆయన అమ్మ వంక చూశాడు. అమ్మ తల దించుకుంది. "అయితె మంచిదే" అన్నాడు. నాయినమ్మ తన చేతులతో గజ్జెలు విప్పి ఒడిలో వేసుకుంది.

చీర మార్చే తీరిక లేదు, మార్చకపోవడమే మంచిదైంది. ముఖం మీది అర్దళం పసుపులా ఉంది. అమ్మ ఆయన చీర కొంగు తీసి తలకు ముసుగు వేసింది, నెత్తిన పేడతట్ట పెట్టింది. దొడ్డివాకిలి దాటి, పట్టపగలు, కూలికి పోయే ఆడమనిషిలా నడుచుకుంటూ పోయాడు మా నాయన. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, తిరగొద్దని అమ్మ చెప్పి పంపింది. తర్వాత బల్లేలు వచ్చాయి. గుమ్మిని తూట్లు పొడిచారు. జొన్నలు ఇల్లంతా కారాయి.

కొన్నాళ్ళకు నైజాం పోయింది. ఏటి అవతల తలదాచుకున్నవాళ్ళు ఒక్కొక్కరుగా తిరిగి వచ్చారు. వచ్చిన ప్రతివాణ్ణీ అమ్మ పొలిమేరలోనే ఆపి అడిగేది. ఒకాయన మఠంపల్లి రేవులో పడవ ఎక్కుతుంటే చూశానన్నాడు. ఇంకొకాయన ఆ రోజు రేవులో పడవలే లేవన్నాడు. మరొకాయన గుంటూరు దిక్కున ఒక సన్నటి మనిషి పిల్లలకు నాటకం నేర్పుతున్నాడని విన్నానన్నాడు. మా మేనమామ పోయి నెలరోజులు వెతికి, కాళ్ళు పగిలి తిరిగి వచ్చాడు. నాయినమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. చుట్ట మానేసింది. ఆట మాట ఎత్తితే లేచి దొడ్లోకి పోయేది. ఒక ఎండాకాలంలో ఎవరితో ఏమీ చెప్పకుండానే పోయింది.

లింగయ్య కూడా తిరిగి వచ్చాడు. ఒక కాలు ఈడుస్తూ, ముందు పళ్ళు లేకుండా వచ్చాడు. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు, తెలుగులో పాడితే కొట్టేవాడు లేడు, ఊళ్ళో కుర్రాళ్ళంతా మళ్ళీ మూగరాజు ఆడదామన్నారు. లింగయ్య మా వాకిట్లో కూర్చుని అమ్మను అడిగాడు. "నేను పీట మీద కూసున్నోన్ని కూసున్నట్టే ఉన్న వదినా. వాళ్ళు కొట్టినప్పుడు గూడ నోట్లె ఆ పాటే తిరిగింది. ఒక్కపారి పాడి లేస్త. నాకు సెలవియ్యి." అమ్మ విసరడం ఆపి, చేతులకంటిన పిండి దులుపుకుంది. అప్పుడు చెప్పింది, ఆ రోజు మా ఇంట్లో రాజు పాట పాడలేదని. లింగయ్యకు అది తెలియదు. "గజ్జెలు ఇప్పుతున్నప్పుడు ఆయన నా మొకం సూసిండు లింగయ్యా. పాట కాలేదని ఆయనకెరుక. ఎరుకయ్యే పోయిండు. ఆటను సగంల ఇడిసే మనిషా ఆయన? ఎప్పుడన్న వస్తడు, వచ్చి మిగిలింది ఆడిపిస్తడు. నువ్వు గిప్పుడు పాడితె ఆట అయిపోతది. అయిపోతె ఇగ ఆయన ఎందుకొస్తడు? నీ కాళ్ళు మొక్కుత, పాడకు" అంది. లింగయ్య ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, మా వాకిట్లో మట్టిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కానీ పాడలేదు. తర్వాత కూడా, గొర్ల వెనక ఒంటరిగా తిరిగినప్పుడు కూడా పాడలేదని వాళ్ళావిడ చెప్పేది. అట్లాగే పోయాడు.

అందరూ అనుకుంటారు, మా మాటను తుపాకులే నొక్కాయని. కొంత నిజమే. కానీ మా ఊరి పాటను నొక్కింది తుపాకి కాదు, ఒక ఆడమనిషి ఆశ. రేడియో వాళ్ళు వచ్చారు, పాటలు ఏరుకునే చదువుకున్న పిల్లలు వచ్చారు. నీ మొగుడి పేరు నిలబడుతుంది కదమ్మా అని బతిమాలారు. అమ్మ వాళ్ళకు అంబలి పోసి, "నాకేం రాదు బిడ్డా" అని పంపించేది. ఇప్పుడు ఆ పాటలోని బావులు పూడిపోయాయి. చెలకలు ప్లాట్లయ్యాయి, వాటికి కొత్త పేర్లు పెట్టారు. ఆ పాటలోని మాటలు కొన్ని నేను మా పిల్లల ముందు అంటే, అదేం మాట అని అడుగుతారు. సినిమాలో ఈలలు పడే మాటలు వేరు. వాటికి పది ఊళ్ళలో అర్థం తెలుసు. మా రాజు నోట పెట్టిన మాటలు మా ఊరివి, ఇంకెక్కడా లేవు. అవి పోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు. ఎన్నిసార్లు అమ్మతో పోట్లాడాను! నీ పిచ్చికి ఆయన కష్టమంతా మట్టిలో కలిసిపోతున్నదని అరిచాను. "కలవనీ. మనిషి ముందు, పాట ఎన్క" అనేది. ఆ మాటే ఆ రోజు గుమ్మి ముందు నాయన ఒప్పుకొని ఉంటే ఎంత బాగుండేది.

అమ్మ చివరి రోజుల్లో సూర్యాపేట దవాఖానలో ఉంది. మనుషులను గుర్తుపట్టేది కాదు. ఒక సాయంత్రం ఆమె చేయి దుప్పటి మీద గుండ్రంగా తిరుగుతున్నది, రాయి తిప్పుతున్నట్టు. పెదవులు కదులుతున్నాయి. నేను చెవి పెట్టి విన్నాను. "మాట ఉన్నదా అమ్మా" అంటున్నది, రాణి పాట. నాలుగిళ్ళూ తిరిగింది. రాజు పాట దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. కళ్ళు తెరిచి, ఎన్నో రోజుల తర్వాత నన్ను గుర్తుపట్టి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. మర్నాటికి లేదు.

ఇప్పుడు ఆ పాట తెలిసినవాళ్ళలో బతికి ఉన్నది నేనొక్కదాన్నే. ఆ ఏడు వాకిట్లో సాధనంతా విన్నదాన్ని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాకు వచ్చు, ఒక్క అక్షరం పోలేదు. నా తర్వాత అది ఉండదు. మా నాయన బతికుంటే నూరేళ్ళు ఎప్పుడో దాటి ఉంటాయి, బతికి లేడని నాకు తెలియదా? తెలుసు. ఇంత తెలిసీ, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా, దొడ్డివాకిలి చప్పుడైతే, ఆ పాట ఎత్తబోయిన నా నోరు మూతపడుతున్నది.